చెవి డొప్ప మీది కణితి తీశాక చెవిని ఎలా సరిచేస్తారు?

గెత్సేమనేలో కత్తివేటుకు తెగిన దాసుని చెవి సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. అతని పేరు మల్కు అని యోహాను చెప్పాడు. ప్రభువు ఆ చెవిని ముట్టి బాగుచేశాడని రాసినవాడు మాత్రం లూకా ఒక్కడే. ఆయన వైద్యుడు కదా! ముట్టినంతనే బాగుచేసే శక్తి మన డాక్టర్లకు లేదు గానీ, కణితి వల్ల పోయిన చెవి భాగాన్ని తిరిగి కట్టే మార్గాలు ఉన్నాయి. ఈ మాట తెలియకనే చాలామంది ‘చెవి కోసేస్తారేమో’ అనే భయంతో ఆసుపత్రికి రావడం ఆలస్యం చేస్తారు.

ఏళ్ల తరబడి ఎండ తగిలే చోటు చెవి డొప్ప. తెల్లచర్మం వారితో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ తక్కువే. కానీ లేదని కాదు. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండేవారికి (బొల్లి వేరు, ఇది వేరు), పాత కాలిన మచ్చలున్నవారికి ప్రమాదం ఎక్కువ. చెవి అంచున నెల దాటినా మానని పుండు, పొక్కు కట్టి రాలి మళ్లీ రక్తం కారే చోటు ఉంటే చూపించుకోండి. బేసల్ సెల్ రకం మెల్లగా పెరుగుతూ చుట్టుపక్కల తినేస్తుంది. స్క్వేమస్ సెల్ రకం చెవి ముందున్న గ్రంథులకు, మెడలోకి పాకగలదు. చిన్నగా ఉన్నప్పుడు వస్తే పోయే చెవీ చిన్నదే.

కణితిని చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసి, అంచుల్లో క్యాన్సర్ మిగల్లేదని పరీక్షలో తేలేదాకా కొన్నిసార్లు పుండును డ్రెస్సింగ్‌తోనే ఉంచుతారు. “ఇంకా ఎందుకు మూయలేదు?” అని ఇంటివారు కంగారు పడతారు. అడుగున వేరు మిగిలి ఉండగా పైన చర్మం కప్పితే అది లోలోపల పెరుగుతుంది, వాడిన చర్మమూ వృథా అవుతుంది. అందుకే ఆ నిరీక్షణ.

చెవికి ఆకారమిచ్చే మెత్తటి ఎముకలో రక్తనాళాలు లేవు. దానికి ఆహారం పైనున్న పలచటి పొర నుండే అందుతుంది. ఆ పొర మిగిలితే చెవి వెనుక నుండో మెడ నుండో పలచని చర్మం తెచ్చి అతికిస్తారు. పొర పోయి ఎముక బయటపడితే చర్మం అతుక్కోదు, వేరే దారి చూడాలి. అంచున చిన్న ముక్క పోతే త్రికోణంగా కోసి కుట్టేస్తారు. దాదాపు 2 సెంటీమీటర్ల అంచు పోయినప్పుడు వాడే చక్కని పద్ధతి మన దేశంలో పుట్టిందే. కుష్ఠు రోగుల చేతులు, ముఖాలు సరిచేయడంలో పేరుపొందిన బొంబాయి సర్జన్ డాక్టర్ ఎన్.హెచ్. అంతియా, తన సహచరుడు బుచ్‌తో కలిసి 1967లో దాన్ని ప్రచురించారు. మిగిలిన అంచును వెనుక చర్మం తెగకుండా వదులు చేసి, రెండు వైపుల నుండీ జరిపి కలుపుతారు. చెవి కాస్త చిన్నదవుతుంది, అంతే. ఎదురుగా నిలబడినవారు పోల్చుకోవడం కష్టం.

ఇంకా పెద్ద భాగం పోతే చెవి వెనుక చర్మాన్ని ఒక పక్క తెగకుండానే ముందుకు తెచ్చి కుడతారు. సుమారు 3 వారాలకు కొత్త చోట రక్తప్రసరణ కుదిరాక దాన్ని విడదీస్తారు. మొత్తం చెవి పోయినవారికి పక్కటెముక దగ్గరి మెత్తటి ఎముకతో చెక్కి కట్టవచ్చు. వృద్ధులకు, రేడియేషన్ తీసుకున్నవారికి మాత్రం ఇన్ని ఆపరేషన్ల కంటే సిలికాన్ చెవే మేలనిపిస్తుంది. వినికిడి చాలావరకు లోపలి చెవిదే గనుక డొప్ప పోయినా చెవుడు రాదు. శబ్దం ఏ దిక్కు నుండి వచ్చిందో పోల్చడం కొంత తగ్గవచ్చు. కళ్లజోడు నిలవడం కూడా ఇబ్బందే.

ఆపరేషన్ తర్వాత ఆ వైపు పడుకోకండి, కట్టు తడపకండి. పసరు, పసుపు, సున్నం ఏవీ పెట్టవద్దు. చుట్ట, బీడీ మానకపోతే రక్తం సరిగా అందక అతికించిన చర్మం నల్లబడి పోవచ్చు. షుగరు ఉన్నవారు అదుపులో ఉంచుకోవాలి. చెవి ఎర్రబడి, వాచి, నొప్పి పెరుగుతుంటే మెత్తటి ఎముకకు చీము పట్టిందేమో, ఆ రోజే రండి.

కుట్లు విప్పాక కూడా పిలిచిన తేదీలకు వచ్చి చెవితోపాటు మెడనూ పరీక్ష చేయించుకోవాలి. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి 2 ఏళ్లలోనే కనబడతాయి. వచ్చేటప్పుడు బయాప్సీ రిపోర్టు కాగితం మరచిపోకండి.