మాట వినిపించాలి.. మోత కాదు!

సౌండ్‌బార్ నుంచి సరౌండ్‌కు మారేవారు ముందే చూసుకోవాల్సినవి

హోసూరు: టీవీ 55 అంగుళాలకు పెరిగింది. దాని కింద సౌండ్‌బార్ కూడా చేరింది. ఫైట్ వస్తే ఇల్లు అదురుతుంది. డైలాగ్ వచ్చేసరికి ‘ఏమన్నాడప్పా?’ అని అవ్వ అడుగుతుంది. సౌండ్ పెంచితే పక్కింటాయన తలుపు తడతాడు. ఈ బాధ పడలేక సరౌండ్ సిస్టమ్ కొనాలనుకుంటున్నారా..? డబ్బు తీసే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

తేడా ఎక్కడ..?

సౌండ్‌బార్‌లో స్పీకర్లన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. వెనక నుంచి వచ్చినట్టు అనిపించాలంటే శబ్దాన్ని గోడలకు కొట్టి తిప్పాలి, లేదా చెవిని ఏమార్చాలి. ఒకవైపు గోడ, మరోవైపు బాల్కనీ ఉన్న హాల్లో ఆ ఎత్తు పారదు. 5.1 సెట్‌లో ముందు మూడు, పక్కలకు రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ విడివిడిగా ఉంటాయి. సినిమాల్లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వస్తాయి. రిసీవర్‌లో దాని సౌండ్ ఒక్కటే పెంచుకోవచ్చు. అసలు లాభం ఇదే. 5.1.2 అంటే పైనుంచి వినిపించేందుకు మరో రెండు స్పీకర్లు. 2012లో సినిమా హాళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ కోసం ఇవి. పది, పన్నెండు అడుగుల గదికి మామూలు 5.1 చాలు.

గ్రానైట్‌తోనే చిక్కు

కృష్ణగిరి జిల్లా గ్రానైట్‌కు పెట్టింది పేరు. ఇంట్లో నేలకూ అదే పరిస్తే చూడ్డానికి బాగుంటుంది, వినడానికే ఇబ్బంది. నునుపైన రాయి శబ్దాన్ని పీల్చుకోదు, దాదాపు అంతా తిప్పికొడుతుంది. ఒట్టి గోడలూ అంతే. మాట మీద మాట పడి స్పష్టత పోతుంది. ఖరీదైన సెట్ తెచ్చినా ఇదే తంతు. అందుకే ముందు సోఫా ఎదుట మందపాటి జంఖానా పరిచి, కిటికీలకు దళసరి పరదాలు కట్టి, ఉన్న సౌండ్‌బార్‌నే మళ్లీ వినండి. కొందరికి దాంతోనే పని తీరిపోవచ్చు.

కొనేటప్పుడు..

* టీవీలో హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ ఉందో లేదో చూడాలి. ఆప్టికల్ కేబుల్‌లో డాల్బీ 5.1 వస్తుంది, అట్మాస్ రాదు.

* డబ్బా మీద వేల వాట్లు ‘పీఎంపీఓ’ అని ఉంటే నమ్మొద్దు. ఆర్‌ఎంఎస్ ఎంతో అడగండి.

* పాత డీవీడీ సెట్ స్పీకర్లు అటక మీద ఉంటే, ఎన్ని ఓంలో చూసి, కొత్త రిసీవర్‌కు సరిపోతేనే కలపాలి.

* అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు వేయనివ్వకుంటే స్టాండ్లు వాడొచ్చు. ‘వైర్‌లెస్’ అన్నా వెనక స్పీకర్లకు చాలావరకు కరెంటు ప్లగ్గు కావాల్సిందే.

* బెంగళూరు 40 కి.మీ. దూరమే. ఎస్పీ రోడ్డులో కొన్నా, జీఎస్టీ బిల్లు తీసుకోండి. సర్వీసు హోసూరులో దొరుకుతుందా అని కూడా అడగండి.

రాత్రి 10 దాటితే..

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45. సబ్‌వూఫర్ దడ గోడలు దాటి పోతుంది. దాన్ని మూల నుంచి కాస్త జరిపితే మోత తగ్గుతుంది. రిసీవర్‌లో నైట్ మోడ్ పెడితే పేలుళ్లు తగ్గుతాయి, మాటలు నిలుస్తాయి. గోడకు గోడ ఆనుకున్న వీధుల్లో రిమోట్‌లోని ఆ ఒక్క బటన్ ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండటం మంచిది.