ఆత్మ అమరమా? కొల్లేటి సీమలో నాలుగు సమాధానాలు

ఏలూరు వీధుల్లో గానీ, తాడేపల్లిగూడెం కూడళ్ళలో గానీ, కొల్లేటి లంక గ్రామాల్లో గానీ ఎవరైనా మరణిస్తే మరునాటికి ఒక ఫ్లెక్సీ వెలుస్తుంది. మృతుని ఛాయాచిత్రం, జననం, మరణం, వాటి కింద ‘ఆత్మకు శాంతి చేకూరాలి’ అనే మాట. హిందువు ఇంటి ముందైనా, క్రైస్తవుని ఇంటి ముందైనా ఆ మాట మారదు. ఇప్పుడు కొందరు ముస్లింల ఇళ్ళ ముందు కూడా అదే మాట కనిపిస్తున్నది.

మాట ఒక్కటే. దాని వెనుక ఉన్న విశ్వాసాలు మాత్రం ఒక్కటి కావు. ఆత్మ అంటే ఏమిటి? అది చావు లేనిదా? చావు లేనిదైతే అది తన స్వభావం వల్లనా, లేక మరొకరి అనుగ్రహం వల్లనా? దానికి శాంతి ఎలా చేకూరుతుంది? ఈ ప్రశ్నలకు ఈ సీమలోనే నాలుగు సమాధానాలు ఉన్నాయి. పొరుగువారి విశ్వాసాన్ని వక్రీకరించకుండా అర్థం చేసుకోవడం న్యాయం. మన విశ్వాసాన్ని స్పష్టంగా ఎరిగి ఉండటం మన విధి. ఈ రెండు ఉద్దేశాలతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

గుంటుపల్లి కొండ చెప్పే మాట

ఏలూరుకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలంలో గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. క్రీస్తు పూర్వమే భిక్షువులు అక్కడి కొండను తొలిచి విహారాలు ఏర్పరచుకున్నారు. గుండ్రని చైత్యగృహం మధ్య రాతి స్తూపం ఉంది. దాని పైకప్పును పూరింటి వాసాలను తలపించేటట్లు రాతిలోనే చెక్కారు.

ఆ విహారాల్లో నివసించినవారి సిద్ధాంతం వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. మార్పు లేని ఆత్మ అనేది అసలు లేదని వారి బోధ. మనిషి అంటే రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే అయిదు స్కంధాల కలయిక మాత్రమే. ఆ అయిదింటి వెనుక ‘నేను’ అనదగిన శాశ్వత వస్తువు ఏదీ లేదు. దీన్నే అనాత్మవాదం అంటారు. అయినా బౌద్ధులు పునర్జన్మను అంగీకరిస్తారు. ఆత్మే లేనప్పుడు మళ్ళీ పుట్టేది ఎవరు అన్న ప్రశ్నకు వారి ఆచార్యులు దీపాన్ని ఉదాహరణగా చూపుతారు. ఒక ప్రమిద నుండి మరో ప్రమిదను వెలిగిస్తే వస్తువేదీ ఇటు నుండి అటు పోదు, వెలుగు మాత్రం కొనసాగుతుంది. కర్మ ప్రవాహం కూడా అలాంటిదేనని వారి వివరణ. తృష్ణ ఆరిపోవడమే నిర్వాణం. అంటే ఈ సీమలో ఆత్మ గురించి రాతిలో నిలిచిన అతి ప్రాచీన సమాధానం, ‘నిత్యమైన ఆత్మ లేదు’ అన్నదే.

గోదావరి గట్టున వినిపించే మాట

హిందూ సంప్రదాయంలోని ప్రధాన దర్శనాలు దీనికి భిన్నమైన మార్గంలో నడిచాయి. ఆత్మకు పుట్టుక లేదు, చావు లేదు, అది ఒక దేహాన్ని విడిచి మరో దేహాన్ని ధరిస్తుంది అన్నది భగవద్గీత రెండవ అధ్యాయంలోని బోధ. కఠోపనిషత్తులో నచికేతుడు యముని అడిగిన ప్రశ్న కూడా, మరణించిన తరువాత మనిషి ఉంటాడా లేడా అన్నదే.

అయితే ఈ ఆత్మకు పరమాత్మతో గల సంబంధం ఏమిటన్న విషయంలో వారి ఆచార్యులు ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. జీవుడు చివరకు బ్రహ్మమే, భేదం అజ్ఞానం వల్ల తోచేదే అన్నారు శంకరాచార్యులు. జీవుడు దేవునికి శరీరం వంటివాడు, ఆయనకు లోబడి ఉండేవాడు అన్నారు రామానుజాచార్యులు. దేవుడు, జీవుడు ఎన్నటికీ వేరే అన్నారు మధ్వాచార్యులు. ఏలూరుకు చేరువలోని ద్వారకా తిరుమలలో ఒకే శిఖరం కింద రెండు మూలమూర్తులు ఉన్నాయి. వాటిలో రెండవది రామానుజులు ప్రతిష్ఠించినదని ఆ క్షేత్ర సంప్రదాయం చెబుతుంది. వాదాలు మూడైనా, ఆత్మకు ఆది లేదన్న విషయంలో ఆ ముగ్గురిదీ ఒకే మాట.

ఈ విశ్వాసం ఆచరణలో ఎలా ఉంటుందో పన్నెండేళ్ళకొకసారి గోదావరి పుష్కరాలలో చూడవచ్చు. 2015 జూలైలో కొవ్వూరు రేవులో వేలాది కుటుంబాలు తమ పెద్దలకు పిండప్రదానం చేశాయి. గతించినవారి ప్రయాణానికి బ్రతికి ఉన్నవారు తోడ్పడగలరన్న నమ్మకం దానికి మూలం.

సమాధుల మీది కొవ్వొత్తులు

నవంబరు 2వ తేదీ సాయంత్రం ఈ ప్రాంతపు క్రైస్తవ శ్మశానాలు వెలుగుతో నిండిపోతాయి. కుటుంబాలు సమాధులను కడిగి, సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. 1976లో విజయవాడ పీఠం నుండి వేరుపడి ఏర్పడిన ఏలూరు కథోలిక పీఠంలో ఆనాడు మృతుల కోసం పూజలు జరుగుతాయి. స్వర్గానికి చేరే ముందు కొన్ని ఆత్మలు ‘ఉత్తరించు స్థలం’లో శుద్ధి పొందుతాయని, వాటికి ప్రార్థనలు మేలు చేస్తాయని కథోలికుల విశ్వాసం. ప్రొటెస్టంటు సంఘాలు ఆ ఉత్తరించు స్థలాన్ని అంగీకరించవు.

కానీ ఒక విషయంలో రెండు వర్గాలదీ ఒకే మాట. ఆత్మ అనాది కాదు, అది దేవుడు సృష్టించినది. మనిషి ఒక్కసారే పుడతాడు, ఒక్కసారే మరణిస్తాడు. అంతిమ దినాన దేహంతో సహా లేస్తాడు. ఈ పునరుత్థాన విశ్వాసంలో వారు మనకు దగ్గరివారు. యేసు (అలైహిస్సలాం) సిలువ మరణమే పాపపరిహారమన్న వారి విశ్వాసం దగ్గర మాత్రం మన దారులు వేరవుతాయి.

ఇస్లాం ఏమి చెబుతుంది?

తెలుగులో ‘ఆత్మ’ అనే ఒక్క మాటతో మనం అనువదించేస్తున్న చోట అరబీలో రెండు మాటలు ఉన్నాయి: రూహ్, నఫ్స్. రూహ్ అంటే అల్లాహ్ మనిషిలో ఊదిన ప్రాణతత్త్వం. నఫ్స్ అంటే ‘తాను’. కోరేది, తప్పు చేసేది, పశ్చాత్తాపపడేది, లెక్క అప్పగించవలసినది ఈ ‘తానే’. సంస్కృతంలోని ‘ఆత్మ’ శబ్దానికి కూడా ‘తాను’ అనే అర్థం ఉండటం గమనించదగిన విషయం.

రూహ్ గురించి ప్రజలు అడిగినప్పుడు, అది ప్రభువు ఆజ్ఞకు చెందిన విషయమని, మానవులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమని చెప్పవలసిందిగా బనీ ఇస్రాయీల్ సూరా 85వ ఆయతులో దైవప్రవక్త (స)కు ఆదేశం వచ్చింది. దాని పదార్థమేమిటో, ఆకారమేమిటో తేల్చే భారం మన మీద పెట్టబడలేదు. నఫ్స్‌ను గురించి మాత్రం ఖుర్‌ఆన్ ఎంతో వివరంగా మాట్లాడింది. చెడును పురికొల్పే నఫ్స్, తనను తాను నిందించుకునే నఫ్స్, ప్రశాంతి పొందిన నఫ్స్ అని దాని మూడు స్థితులను మన ముందుంచింది. రూహ్ స్వభావం దైవ రహస్యం. నఫ్స్‌ను తీర్చిదిద్దుకోవడం మన పని.

అల్లాహ్ మనిషిలో తన రూహ్ ఊదాడు అని ఖుర్‌ఆన్‌లో ఉంది కాబట్టి మన ఆత్మ దైవంలో ఒక భాగమా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. కాదు. కాబాను ‘బైతుల్లాహ్’ అంటాము. అంటే అల్లాహ్ ఆ ఇంట్లో కాపురముంటున్నాడని కాదు, ఆ గృహానికి గౌరవంగా తన పేరుతో సంబంధం కలిపాడని అర్థం. రూహ్ విషయమూ అంతే. అది సృష్టి. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు ప్రకారం తల్లి గర్భంలో పిండం దశలు దాటిన తరువాత దైవదూత వచ్చి అందులో రూహ్ ఊదుతాడు. ఆ కాలాన్ని ఉలమాలు సాధారణంగా 120 రోజులుగా లెక్కిస్తారు.

మరి అది అమరమా? ఇబ్న్ సీనా (980–1037) వంటి తత్త్వవేత్తలు, ఆత్మ విభజనకు లొంగని ద్రవ్యం కాబట్టి నశించదని తర్కంతో నిరూపించబోయారు. ఆ తర్కం చాలదని, పైగా దేహంతో కూడిన పునరుత్థానాన్ని కాదనడం విశ్వాసానికే విరుద్ధమని ఇమామ్ గజాలీ (1058–1111) ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో వాదించారు. 1350లో పరమపదించిన అల్లామా ఇబ్నుల్ ఖయ్యిమ్ ‘కితాబుర్ రూహ్’ అనే గ్రంథాన్నే వ్రాశారు. మరణమంటే దేహం నుండి వేరుపడటమే అయితే ఆత్మ దాన్ని రుచి చూస్తుంది, పూర్తిగా లేకుండా పోవడమే అయితే అది ఆత్మకు లేదు అన్నది అందులోని వారి నిర్ణయం.

కాబట్టి మన సమాధానం ఇది. ఆత్మ మిగిలి ఉంటుంది, కానీ తన బలం వల్ల కాదు. అల్లాహ్ నిలిపితేనే నిలుస్తుంది. సొంతంగా ఎన్నటికీ నశించనివాడు ఆయన ఒక్కడే. మరణం నుండి తీర్పు దినం వరకు ఆత్మ బర్‌జఖ్‌లో ఉంటుంది. ఆ తెర దాటి తిరిగి రావడం లేదు.

ఏటా శీతాకాలంలో కొల్లేటి తీరంలోని ఆటపాకకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తరలివస్తాయి. పిల్లలను పొదిగి వెళతాయి, మళ్ళీ ఏడాది మళ్ళీ వస్తాయి. మనిషి రాక అలాంటిది కాదు. మనకు ఒకే ఒక్క రాక ఉంది. ఈ సారి సరిచేసుకోనిది మరో జన్మలో సరిచేసుకుందామన్న వెసులుబాటు లేదు.

మన ఇళ్ళలోని భ్రమలు

ఈ విశ్వాసం గ్రంథాల్లో ఉంది. ఇళ్ళలో మాత్రం మరికొన్ని నమ్మకాలు పాతుకుపోయాయి. చనిపోయినవారి రూహ్ నలభై రోజులు ఇంటి చుట్టే తిరుగుతుందంటారు. గురువారం రాత్రి గుమ్మంలో నిలబడి చూస్తుందంటారు. ఇష్టమైన వంట పెట్టకపోతే అలిగి పోతుందంటారు. వీటికి ఖుర్‌ఆన్‌లో గానీ ప్రామాణిక హదీసులలో గానీ ఆధారం లేదు. మరణంతో మనిషి కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం కొనసాగుతాయని ప్రవక్త (స) తెలిపారు. అవి నిరంతర దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం.

నలభయ్యో రోజు విందు చేయాలా వద్దా అని తగవులాడుకునే కుటుంబాలను చూస్తుంటాము. ఆ తగవులో ఒక విషయం మరుగున పడుతుంది. మృతునికి చిన్న పిల్లలు ఉంటే ఆ ఆస్తి అనాథల ఆస్తి. దానితో ఊరందరికీ బిర్యానీ పెట్టడం ఏ మస్లక్ ప్రకారమూ ధర్మసమ్మతం కాదు. అనాథల సొమ్ము తినేవారు తమ కడుపులను అగ్నితో నింపుకుంటున్నారని అన్‌నిసా సూరా హెచ్చరించింది.

ఆత్మకు నిజంగా అడ్డుపడేది

కొల్లేటి సీమ బ్రతుకు అప్పు మీద నడుస్తుంది. చెరువు లీజు, చేప పిల్ల, తవుడు, చెక్క, మేత అన్నీ ముందు తీసుకుని పట్టుబడి రోజున లెక్క తేల్చుకోవడం ఇక్కడి ఆనవాయితీ. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లోనూ ఎంతో సరుకు నోటి మాట మీదనే చేతులు మారుతుంది. 2006లో సర్కారు ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు, చెరువు పోయినా దాని మీది బాకీ పోదని ఈ ప్రాంతానికి తెలిసివచ్చింది. మనిషి పోయినా బాకీ పోదు.

విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేవరకు దానికి కట్టుబడి ఉంటుందని ప్రవక్త (స) హెచ్చరించారు. జనాజా తెచ్చినప్పుడు, ఇతని మీద అప్పు ఉన్నదా అని విచారించేవారు. కొద్ది దీనారుల బాకీ ఉన్న ఒకరికి నమాజు చేయించడానికి వెనుకాడారు. ఆ బాకీ నాదని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీ పడిన తరువాతే ముందుకు వచ్చారు. అమరవీరునికి సైతం అప్పు తప్ప మిగిలిన పాపాలన్నీ క్షమించబడతాయన్న హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది.

అందుకే షరీఅతు ఒక వరుస నిర్ణయించింది. మృతుడు వదిలిన సొమ్ములో నుండి మొదట కఫన్, దఫన్ ఖర్చు. తరువాత అప్పులు. మిగిలినదాంట్లో మూడో వంతుకు మించకుండా వసియ్యతు. ఆ పైన వారసుల వాటాలు, వాటిలో కూతుళ్ళ వాటా కూడా. ఈ వరుసలో విందు ఎక్కడా లేదు.

అప్పుల్లో మనం మరచిపోయేది మెహర్. జనాజా లేచే ముందు, ఏడుస్తున్న భార్యను నలుగురూ చుట్టుముట్టి ‘మెహర్ మాఫ్ చేయమ్మా’ అని అడిగే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. ఆమె స్వేచ్ఛగా వదులుకుంటే అది ఆమె ఔదార్యం. ఆ గడియలో, ఆ ఒత్తిడిలో అనిపించుకున్న మాటను ఔదార్యమని ఎలా అనగలము? భర్త బ్రతికి ఉండగానే చెల్లించవలసిన బాకీ అది. చెల్లించనివారు ఈ సంచిక చదివిన రోజే ఆ విషయం భార్యతో మాట్లాడాలని మా మనవి. చేబదుళ్ళు ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక పుస్తకంలో వ్రాసి, ఆ పుస్తకం ఎక్కడున్నదో ఇంట్లోవారికి చెప్పి ఉంచాలి.

పొరుగింటి మరణం

చివరగా, ఆ ఫ్లెక్సీ పెట్టిన పొరుగువారి విషయం. ఒక యూదుని శవయాత్ర వెళుతుండగా ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అతడు యూదుడు కదా అని సహచరులు అంటే, అతడూ ఒక నఫ్స్ కాడా అని ఆయన ఎదురు ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం ఇద్దరూ నమోదు చేసిన హదీసు ఇది. విశ్వాసాలలోని తేడాను ఆయన దాచలేదు. ఆ తేడా వల్ల మృతుని గౌరవం తగ్గనివ్వలేదు.

కాబట్టి పొరుగింట్లో మరణం సంభవిస్తే వెళ్ళండి. కుటుంబాన్ని ఓదార్చండి, వారికి మంచినీళ్ళు, భోజనం అందేటట్లు చూడండి. మన అఖీదాకు సరిపడని కర్మలలో పాలుపంచుకోకుండానే ఇదంతా చేయవచ్చు. మన ఇంట్లో మరణం సంభవిస్తే ఫ్లెక్సీ కన్నా ముందు బాకీల పుస్తకం తెరవండి. మృతుని ఆత్మశాంతి కోసం మనం ఇవ్వగలిగిన మొదటి కానుక అదే.

ప్రశాంతి పొందిన నఫ్స్‌గా, ఎవరి హక్కూ మెడ మీద లేకుండా తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.