రైతుబిడ్డలకు రసాయనిక ఇంజనీరింగు విద్య

పంట పండించుట యొక పని. పండినదానిని నిలువయుండు సరకుగా మార్చుట మఱియొక పని. ఈ రెండవ పని చాలవఱకు కర్మాగారములలో జరుగుచున్నది. ఆ కర్మాగారములను నడపు విద్యలలో రసాయనిక ఇంజనీరింగు ముఖ్యమైనది. ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడు, "మావానికి కంప్యూటరు సీటు రాలేదు, కెమికలు సీటు వచ్చినది, చేర్పింపవచ్చునా?" యని సభ్యులు మమ్మడుగుచుందురు. ఫీజునకై పొలము తాకట్టు పెట్టవలసిన యింట నిది చిన్నప్రశ్న కాదు. కావున నా విద్య యెట్టిదో, యెవరికి తగునో, యెట్లు చేరవలెనో యిచట వివరించెదము.

ఈ విద్య యెట్టిది?

రసాయనశాస్త్రజ్ఞుడు గాజుబుడ్డిలో నొక పదార్థమును వేఱొక పదార్థముగా మార్చి చూపును. ఆ మార్పునే దినమునకు వేలకొలది బస్తాల చొప్పున, తక్కువ ఖర్చుతో, ప్రాణాపాయము లేకుండ జరిపించువాడు రసాయనిక ఇంజనీరు.

మన బెల్లపు పెనమునే చూడుడు. చెరకురసములో నూటికి 80 పాళ్లకు మించి నీరే కలదు. పెనము క్రింద పిప్పిని మండించి యా నీటిని ఆవిరిచేయుదుము. ఆవిరి యాకాశమున గలిసిపోవును. దానితో మన మంటయు పోయినట్లే. చక్కెర కర్మాగారమున నట్లు కాదు. మూతగల పాత్రలను నాలుగైదింటిని వరుసగా నుంచి, మొదటి పాత్రలోని రసమునుండి లేచిన యావిరితో రెండవ పాత్రను, రెండవదాని యావిరితో మూడవదానిని కాచెదరు. ఒక్కొక్క పాత్రకు లోపలి యొత్తిడిని తగ్గించుచు పోవుటచే రసము తక్కువ వేడికే మఱగును. నాలుగు పాత్రలున్నచో నొక టన్ను ఆవిరితో సుమారు నాలుగు టన్నుల నీటిని తీయవచ్చును. చెరకు పండు లూసియానా సీమలో పుట్టిన నోర్బర్టు రిల్యూ అను నాతడు ఈ యుపాయమునకు 1843లో పేటెంటు పొందెను. ఇట్లు మిగిలిన పిప్పితో నేడు విద్యుచ్ఛక్తిని గూడ తీయుచున్నారు.

మీరు సంఘమునుండి కొనిపోవు యూరియాయు నీ విద్య ఫలమే. గాలిలోని నత్రజనిని, సహజవాయువునుండి తీసిన హైడ్రొజనును మిక్కిలి యొత్తిడితో గలిపి అమ్మోనియా చేయుదురు. ఫ్రిట్జ్ హేబరు 1909లో జర్మనీదేశమున ప్రయోగశాలలో చూపిన యీ మార్పును, కార్ల్ బాష్ 1913 నాటికి పెద్ద కర్మాగారమున జరిపించెను. అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో గలుపగా యూరియా యగును. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోలకు పైగా నుండును. సహకార సంఘములు వాటాదారులుగా 1967లో నేర్పడిన ఇఫ్కో కర్మాగారములందును, 1999లో మూతపడి 2021లో సహజవాయువుతో మరల యుత్పత్తి ప్రారంభించిన రామగుండమునందును ఈ విద్య నేర్చినవారే పనిచేయుచున్నారు.

ఎవరికి తగును?

రసాయనశాస్త్రము కంఠస్థము చేసినంతమాత్రమున చాలదు. గణితము, భౌతికశాస్త్రము అంతకంటె నెక్కువగా కావలెను. లోనికి వచ్చిన దెంత, బయటికి పోయిన దెంత, లోపల నిలిచిన దెంతయని లెక్కగట్టుట యీ విద్యకు మొదటిపాఠము. మన సంఘపు చిట్టా వ్రాయువాని బుద్ధియే యిది. రాత్రిపాళీలకు, వేడికి, వాసనలకు, ఇల్లు విడిచి దూరదేశమున నుండుటకు నోర్పు కావలెను. ఆడపిల్లలకును ఈ విద్య తగినదే.

అన్నిటికంటె ముఖ్యమైనది జాగ్రత్త. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున విశాఖపట్టణము చేరువనున్న వేంకటాపురమున నొక కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. స్టైరీనును చల్లగా నుంచి, గట్టిపడకుండ మందు కలిపి నిలువచేయవలెను. ఆ రెండును కొఱవడుటచే నది తనంతట తానే వేడెక్కెను. వేడిమి చూడకయే పుస్తకమున అంకె వ్రాసెడువాడు ఈ పనికి రాడు. అట్టి స్వభావము గలవానిని, ఎంత తెలివిగలవాడైనను, ఈ దారి పట్టింపకుడు.

ఎట్లు చేరవలెను?

పదవతరగతి పిమ్మట పాలిసెట్ వ్రాసి డిప్లొమాలో చేరవచ్చును. డిప్లొమా ముగించినవారు ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవయేట ప్రవేశింతురు. ఇంటర్మీడియేటులో గణిత, భౌతిక, రసాయనశాస్త్రములు చదివినవారికి ఈఏపీసెట్ కలదు. వరంగల్లులోని జాతీయ సాంకేతిక విద్యాలయమునకు జేఈఈ మెయిన్ వ్రాయవలెను. విశాఖపట్టణపు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఈ శాఖ పేరుపొందినది.

డబ్బు కట్టుటకు ముందు కళాశాలకు స్వయముగా పోయి మూడు సంగతులు విచారింపుడు. ప్రయోగశాలలోని యంత్రములు నడచుచున్నవా, బూజుపట్టియున్నవా? గత మూడేండ్లలో ఎందఱికి కర్మాగారములలో నుద్యోగములు దొరికెను? పాఠము చెప్పువారు ఈ శాఖ చదివినవారేనా? సరియైన యుత్తరము రానిచోట చేర్పింపకుడు. ప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటునకు అర్హత కలదేమో చూడుడు. విద్యార్థి ఋణము రూ. 4 లక్షల వఱకు సామాన్యముగా తాకట్టు లేకయే బ్యాంకులిచ్చును. ఆ దారులన్నియు చూడక పొలము కాగితములు వడ్డీవ్యాపారి చేతికి ఈయకుడు.

తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో రైతుకుటుంబమున జనించిన యలవర్తి నాయుడమ్మగారు కాశీలో రసాయన సాంకేతికవిద్య నభ్యసించి, మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు అధిపతియై, 1971లో దేశపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధనమండలికే డైరెక్టరు జనరలైరి. అందఱు నంతవారు కానక్కఱలేదు. కంప్యూటరు సీటు రాలేదన్న చింతతో గాక, ఈ పనిపై నిష్టముతో చేరిన బిడ్డకు ఈ విద్య యన్నము పెట్టును. మీ పిల్లలు ఏ పనియందు శ్రద్ధ గలవారో మొదట కనిపెట్టుడు. పిమ్మట సీటు సంగతి యాలోచింపుడు.