నర్సాపురం లేసు అల్లిక

నర్సాపురం లేసు పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం పరిసర గ్రామాలలో స్త్రీలు కొక్కెపు సూదితో నూలు దారాన్ని అల్లి చేసే హస్తకళ. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు దీనిని ఇక్కడ నేర్పారు. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

నేర్చుకొనేవారు మొదట గొలుసు అల్లుతారు. సూదిపై ఉన్న ఉచ్చులోనుండి కొక్కెంతో దారాన్ని లాగితే ఒక కన్ను ఏర్పడుతుంది. కళ్ళన్నీ ఒకే కొలతలో రావాలంటే సూది పట్టిన చేతికంటే దారాన్ని బిగించే రెండవ చేతికే ఎక్కువ అభ్యాసం కావాలి. సూదికి ముందుగా ఒక చుట్టు వేసుకొని అల్లితే పొడుగు కుట్టు వస్తుంది. ఇటువంటి ఐదు కుట్లను ఒకే కన్నులో వేసి, సూదిని తీసి, మొదటి కుట్టు తలలో గ్రుచ్చి, వదిలిన ఉచ్చును దానిగుండా లాగితే అవి ముడుచుకొని ఉబ్బెత్తు బుడిపెగా లేస్తాయి. దీనిని పాప్‌కార్న్ కుట్టు అంటారు. దారం వదులైతే బుడిపె నిలవదు. తప్పు వస్తే దారం లాగి విప్పి మరల అల్లవచ్చు.

ఖరీదైన పరికరాలు అవసరం లేనందున ఈ పని ఇళ్ళలోనే సాగింది. విదేశీ విపణికి సరుకు అల్లే స్త్రీలను శ్రామికులుగా గాక, తీరిక గడుపుకొనే గృహిణులుగా చూడడం వల్ల వారికి కూలి అత్యల్పంగా ఉండిపోయిందని జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" (1982) గ్రంథంలో వివరించారు. పూలు అల్లేవారు వేరు, వాటిని జతచేసే అతుకుపనివారు వేరు. ఒకే భాగాన్ని అల్లేవారికి పూర్తి వస్తువు చేతికి రాదు, దాని ధరా తెలియదు.