కోడ్ చరిత్రలో అంశాల వేట: అపోహలు – వాస్తవాలు

ఏ పదాలు తరచూ కలిసి కనిపిస్తాయో లెక్కగట్టి, అలా కలిసే పదాల గుంపులను అంశాలుగా వేరుచేసే గణాంక పద్ధతిని టాపిక్ మోడల్ అంటారు. డేవిడ్ బ్లై, ఆండ్రూ ఎంగ్, మైఖేల్ జోర్డాన్ 2003లో ప్రచురించిన ఎల్‌డీఏ వీటిలో ప్రసిద్ధమైనది. వ్యాసాల కోసం పుట్టిన ఈ పద్ధతిని సాఫ్ట్‌వేర్ ఏళ్ల తరబడి ఎలా మారిందో తెలుసుకోవడానికి వాడడం మొదలైనప్పటి నుంచి కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: ప్రోగ్రామ్ ఏం చేస్తుందో మోడల్‌కు అర్థమవుతుంది.

వాస్తవం: దానికి అందేవి ప్రోగ్రామర్లు పెట్టిన పేర్లు, రాసుకున్న కామెంట్లు మాత్రమే. 'గెట్‌యూజర్‌నేమ్' అనే పేరును గెట్, యూజర్, నేమ్ అని విడగొట్టి, ఇఫ్, రిటర్న్ వంటి ప్రోగ్రామింగ్ భాష సొంత పదాలను తొలగించి, మిగిలినవాటిని వరుసతో నిమిత్తం లేకుండా లెక్కిస్తారు. పేర్లన్నీ ఏ, బీ, ఎక్స్‌లుగా ఉన్న కోడ్ ఎంత చక్కగా పనిచేసినా అందులో మోడల్‌కు చిక్కేది దాదాపు ఏమీ ఉండదు.

అపోహ: వార్తలకు పనికొచ్చిన పద్ధతి కోడ్ వెర్షన్లకూ యథాతథంగా సరిపోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ రోజు వార్త ఆ రోజు కొత్తగా రాస్తారు కానీ, ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు చాలా ఫైళ్లు అక్షరం కూడా మారకుండా వస్తాయి. వెర్షన్లన్నిటినీ కలిపి మోడల్‌కు ఇస్తే ఒకే ఫైలు పదేపదే లెక్కకు వచ్చి, కొత్తగా చేరిన నాలుగు పంక్తులు ఆ రాశిలో మరుగున పడిపోతాయి. అందుకే స్టీఫెన్ థామస్, బ్రామ్ ఆడమ్స్, అహ్మద్ హసన్, డొరొతియా బ్లోస్టీన్ 2011లో, వెర్షన్ల మధ్య మారిన భాగాలను మాత్రమే మోడల్‌కు ఇచ్చే 'డిఫ్' పద్ధతిని ప్రతిపాదించారు. దీనివల్ల అంశాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా స్పష్టంగా విడివడతాయని వారి పోలికలో తేలింది.

అపోహ: వెర్షన్ల వారీగా గీసిన గ్రాఫ్‌లో ఒక అంశం రేఖ పెరిగితే దానికి సంబంధించిన పని పెరిగినట్టే.

వాస్తవం: చాలావరకు నిజమే, జేహాట్‌డ్రా, జెఎడిట్ అనే రెండు సాఫ్ట్‌వేర్‌లను పరిశీలించినప్పుడు అంశాల మార్పుల్లో 87 నుంచి 89 శాతం ప్రోగ్రామర్లు నిజంగా చేసిన మార్పులతో సరిపోలాయి. మిగతావి మాత్రం మోసగిస్తాయి. 'కస్టమర్' అన్న పేరును అంతటా 'క్లయింట్'గా మార్చితే, పని ఏమీ మారకపోయినా ఒక అంశం అణగి మరొకటి లేచినట్టు కనిపించవచ్చు.

అపోహ: ఫలితం ఎప్పుడూ ఒక్కటే.

వాస్తవం: అంశాలు ఎన్ని ఉండాలో సాధారణంగా పరిశోధకుడే నిర్ణయిస్తాడు, గణన యాదృచ్ఛికంగా మొదలవుతుంది, మళ్లీ నడిపితే అంశాలు కొంత మారతాయి. ఈ వివరాలు తెలపని రేఖాచిత్రాన్ని ఆధారంగా స్వీకరించరాదు.