ఈ స్లాబ్ కింద పిల్లరేదీ?

పునాది పడని ఇళ్లకు రాత్రిళ్లు కూర్చుని రూపం ఇస్తున్నారు కుర్ర ఆర్కిటెక్టులు. ఆ బొమ్మల చుట్టూ ఇంటివాళ్లు రాసిన దిద్దుబాట్లలో అసలు ఇల్లు కనిపించింది.

మడతల దగ్గర రంగు పోయిన ఏ3 కాగితం అది. మధ్యలో జీ ప్లస్ వన్ ఇంటి ఎలివేషన్. తెల్లటి గోడలు, చెక్కలా కనిపించే క్లాడింగ్, పిట్టగోడకు బదులు గాజు, గోడంతా పరుచుకున్న సాయంకాలపు ఎండ. పై అంతస్తు బాల్కనీ ఎనిమిదడుగులు ముందుకొచ్చి గాలిలో నిలబడి ఉంది. చుట్టూ ఖాళీ మార్జిన్లో మూడు చేతిరాతలు. నీలం బాల్‌పెన్ను ఇంటాయనది. ఎర్ర పెన్ను ఆయన భార్యది. బాల్కనీ కింద పెన్సిలుతో వంకర అక్షరాల్లో ఒకే ఒక్క ప్రశ్న: ‘పిల్లర్ ఏదీ?’ అది మేస్త్రీది.

ఇళ్ల ప్రత్యేక సంచికకు ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. కట్టబోయే భవనాలకు ఫొటోల్లాంటి బొమ్మలు చేసిపెట్టే యువత గురించి రాయాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఎంత ఆదాయం అని ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. ఈ కాగితం చేతికొచ్చాక వాటిలో చాలావరకు అడగాలనిపించలేదు.

బొమ్మ చేసినమ్మాయి ఐదేళ్ల బీఆర్క్ చదివి, ఒక ఆఫీసులో రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్ శివారులో అద్దె గదిలోంచి సొంతంగా రెండర్లు, అంటే ఈ ఫొటోల్లాంటి బొమ్మలు, చేస్తోంది. ఇంజినీర్లు, చిన్న బిల్డర్లు, ఇంటీరియర్ కాంట్రాక్టర్లు పని ఇస్తారు. వాట్సాప్‌లో ప్లాన్ ఫొటో వస్తుంది. దాన్ని చూసి స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లో గోడలు లేపుతుంది, లూమియాన్‌లోకి తీసుకెళ్లి రంగులు, చెట్లు, ఎండ పెడుతుంది. పేరు రాయొద్దంది. బొమ్మ కింద పడేది పని ఇచ్చినవాళ్ల పేరు. తన పేరు బయటికొస్తే మళ్లీ పిలవరని భయం. ఆ భయం న్యాయమైనదే.

ఇక కాగితం దగ్గరికి వద్దాం.

నీలం పెన్ను మూడు మాటలు రాసింది. కరెంటు స్తంభం తీసేయాలి. రోడ్డు ఇంకా వెడల్పుగా కనపడాలి. ముందు గోడ మీద ఎండ బాగా పడాలి, గుమ్మంలో సంక్రాంతి ముగ్గు ఉండాలి. ఇంటాయన రిటైరైన ఉద్యోగి. బంధువులకు పంపుకుందామని ముచ్చటపడ్డారు. ఆ ముచ్చటలో తప్పేమీ లేదు. కాకపోతే ఇల్లు ఉత్తరం ఫేసింగ్, రోడ్డు 30 అడుగులది. హైదరాబాద్‌లో సంక్రాంతి రోజుల్లో సూర్యుడు తూర్పుకు దక్షిణంగా పొడిచి పడమరకు దక్షిణంగా కుంకుతాడు. ఉత్తరం గోడ మీద ఆ నెలల్లో ఎండ పొడ కూడా పడదు. “మరి ఇందులో ఎలా పడింది?” అని అడిగాను. “ఉత్తరాన్ని తిప్పేస్తాం మేడం. సాఫ్ట్‌వేర్‌లో అదొక అంకె అంతే” అంది. తల వంచుకునే చెప్పింది.

ఎర్ర పెన్ను వేరే దారిలో నడిచింది. ‘బట్టలు ఎక్కడ ఆరేయాలి?’ ‘తులసికోట ఏదీ?’ ‘ఈ గాజు రోజూ ఎవరు తుడవాలి?’ ప్లాన్ మీద ఆవిడ అంతకుముందే సంతకం చేసింది. అందులో వంటింటి వెనక యుటిలిటీ అని నాలుగు గీతలు ఉన్నాయి, వాషింగ్ మెషీన్ పెడితే మనిషి తిరగడానికి చోటుండదు. గీతల్లో అది ఆవిడకు తెలియలేదు. బొమ్మలో తన ఇంటిని చూసుకున్నాకే, ఆ ఇంట్లో తాను పొద్దున లేచి ఏం చేస్తుందో కళ్లకు కట్టింది.

నాకు ఈ పని మీద అభిమానం పుట్టింది ఇక్కడే. ప్లాన్, సెక్షన్, స్ట్రక్చరల్ డ్రాయింగ్ అన్నీ ఇంజినీరుకు, మేస్త్రీకి, మున్సిపాలిటీకి. అప్పు తెచ్చి ఇల్లు కట్టుకునేవాళ్లు చదవగలిగిన కాగితం ఈ ఒక్కటే. ఇంటి గురించి అసలు మాటలు మొదలయ్యేది దీని ముందే. అందుకే దీన్ని అందంగా చేయడం కన్నా నిజంగా చేయడం ముఖ్యమని గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నమ్మకం మేస్త్రీ పెన్సిలు దగ్గర ఇంకా బలపడింది. కంప్యూటర్లో స్లాబుకు బరువుండదు. ఎంత ముందుకు లాగితే అంత వస్తుంది, కింద ఆధారం లేకపోయినా పడదు. మామూలు ఇళ్లలో బాల్కనీ మూడు నాలుగు అడుగులకు మించి బయటికి రాదు. ఇంకా రావాలంటే లోపలికి వెళ్లే బీముల పొడవు, లోతు, కడ్డీలు లెక్కగట్టాలి. ఇలా వేలాడే స్లాబులో లాగుడంతా పైవైపే కాబట్టి ప్రధానమైన కడ్డీలు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద అవి అణిగిపోతే బాల్కనీకే ముప్పు. ఆ మేస్త్రీ ఇదంతా పుస్తకంలో చదవలేదు, సెంట్రింగు విప్పేటప్పుడు ఎన్నోసార్లు చూశాడు. బొమ్మ చేతికివ్వగానే మొదట వెతికింది పిల్లర్నే.

“నాకూ మొదటే అనుమానం వచ్చింది మేడం. ఇంజినీర్ గారికి ఫోన్ చేస్తే, ‘నువ్వు బొమ్మ చెయ్యమ్మా, డిజైన్ నాకొదిలెయ్’ అన్నారు. మేస్త్రీ గారు రాశాక మళ్లీ చేశాను. ఈసారి ‘సరే చూద్దాం’ అన్నారు” అంది ఆ అమ్మాయి.

మొదటి ఫోన్‌కే ఆ జవాబు రావాల్సింది. భవనం గురించి ఐదేళ్లు చదివిన మనిషిని రంగులద్దే మనిషిగా చూడటం ఈ పనిలో నిత్యం జరుగుతోంది. దిద్దుబాట్లకు విడిగా డబ్బులు చాలామంది ఇవ్వరు. అభ్యంతరం చెబితే ఆలస్యం చేస్తోందంటారు.

ఇలాంటి బొమ్మల చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. లండన్‌లో ఆర్కిటెక్ట్ జాన్ సోన్ భవనాలను చిత్రకారుడు జోసెఫ్ గాండీ రంగుల్లో చూపించాడు; బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను శిథిలంగా ఊహించిన ఆయన చిత్రం 1830 నాటిది. 1911లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా నగర రూపకల్పన పోటీకి ఆర్కిటెక్ట్ వాల్టర్ బర్లీ గ్రిఫిన్ పంపిన ప్రణాళికకు బొమ్మలు గీసింది ఆయన భార్య, ఆర్కిటెక్ట్ మారియన్ మహోనీ. ఆ దంపతులు తర్వాత లక్నోలో పనిచేశారు, ఆయన అక్కడే 1937లో కన్నుమూశాడు. న్యూయార్క్‌లో హ్యూ ఫెరిస్ ఆర్కిటెక్చర్ చదివి, ఆర్కిటెక్ట్ కాస్ గిల్బర్ట్ ఆఫీసులో చేసి, 1915లో బయటికొచ్చి ఇతరుల భవనాలకు బొమ్మలు గీస్తూనే బతికాడు. మన అమ్మాయి దారి అదే. కాంతి లెక్కను కంప్యూటర్ శాస్త్రవేత్త జేమ్స్ కజియా 1986లో ఒక సమీకరణంగా రాశాక ఆ పని మెల్లగా కంప్యూటర్ చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతికి బ్రిటన్ ఆర్కిటెక్చర్ సంస్థ ఫోస్టర్ చేసిన బొమ్మల మీద మన దగ్గర రాజకీయ వాదులాటే నడిచింది.

ఆ ఇంటికి రెండో బొమ్మ కూడా చేసింది. బాల్కనీ నాలుగడుగులకు తగ్గింది, గాజు స్థానంలో ఇనుప గ్రిల్ వచ్చింది. ఇంటి పక్కన తులసికోట, మేడ మీద బట్టల తీగ. స్తంభం తీయనంది. గేటు దానికి ఎదురుగా పడుతోందని, కారు తిప్పడం కష్టమని ఇంటాయనకు బొమ్మలోనే చూపించింది. ఆయన ఒప్పుకుని గేటు పక్కకు జరిపించారు. ఆ బొమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేస్త్రీకి ఇచ్చారు. ఇంజినీరు మాత్రం పిల్లరు లేని మొదటి బొమ్మనే తన ఆఫీసు ఫ్లెక్సీ మీద వేయించుకున్నారు. అది తీయించమని అడిగే ధైర్యం ఆమెకింకా రాలేదు.

ఫ్లాట్ కొనేవాళ్లకు

బ్రోషర్లో పడకగది హాలంత కనిపిస్తే కెమెరా గోడ అవతల ఉందని అర్థం. కంప్యూటర్లో ముందు గోడ మాయం చేసి వెనక్కి జరిగి చూడొచ్చు, నిజం గదిలో కుదరదు. మంచం కొలతలు అడగండి. కొందరు దాన్ని కాస్త చిన్నది చేసి పెడతారు. ఈ బొమ్మ ఏ నెలలో, ఎన్ని గంటలకు, ఉత్తరం ఎటు అని కూడా అడగవచ్చు. పడమటి గాజు ఉన్న హాలును పొద్దుటి చల్లని వెలుగులో చూపిస్తే, ఏప్రిల్ మధ్యాహ్నం నాలుగింటి బొమ్మ చేయించమనండి. బిల్డర్‌కు అది పెద్ద పని కాదు.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో నమూనా ఫ్లాట్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోతే ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. వైదొలగాలనుకుంటే పెట్టిన సొమ్మంతా వడ్డీ, పరిహారంతో తిరిగి రావాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలానికీ, 8 ఫ్లాట్లకు మించని భవనానికీ సాధారణంగా రెరా నమోదు అక్కర్లేదు. సొంత ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఈ రక్షణ వర్తించదు. బ్రోషర్‌ను, అందులోని ప్రతి పేజీనీ దాచుకోండి.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

ఆ బొమ్మలు చేసిన అమ్మాయి పాటించే పద్ధతి ఇది. సగం అడ్వాన్సు అందాకే మోడల్ మొదలు. డ్రాఫ్ట్ చిన్న సైజులో, వాటర్‌మార్క్‌తో. పెద్ద ఫైల్ బ్యాలెన్స్ వచ్చాకే. రెండు విడతల దిద్దుబాట్లు ఉచితం, ఆపైన డబ్బు. ఏ ప్లాన్ తేదీని బట్టి చేసిందో బొమ్మ మూలన రాస్తుంది, ఎందుకంటే ప్లాన్ మారాక కూడా పాత బొమ్మే తిరుగుతుంటుంది. ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి, బొమ్మలు చేయడానికి అలాంటి నియమం లేదు. దిద్దుబాటు కాగితాలు ఒక్కటీ పారేయకుండా మంచం కింద అట్టపెట్టెలో దాస్తోంది.