ఆంగ్ల భాషలోని పలుకుబడులు – వానిని నేర్చుకొను విధము



నేడు నేను చెప్పబూనిన విషయమునకు మూలము నా తప్పిదమొకటి కలదు. ముందుగా దానిని మనవి చేసికొందును.

1983వ సంవత్సరమున నేను గోదావరీ తీరమందలి యొక పల్లెటూరి యున్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా క్రొత్తగా చేరియుంటిని. సంస్కృతాంధ్రములను గురుముఖమున నేర్చితిని. ఇంగ్లీషు మాత్రము నిఘంటువును ముందుంచుకొని స్వయముగా గడించినది. ఊరివారికి ఈ భేదము తెలియదు. పంతులనగా అన్నియు తెలిసినవాడని వారి నమ్మకము.

ఒకనాటి సాయంకాలము ఒక కౌలు రైతు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, ఒక యుత్తరమును నా చేతికిచ్చెను. ఆ పిల్లవాడొక యుద్యోగమునకు దరఖాస్తు పెట్టియుండెను. హైదరాబాదునకు వచ్చి కనబడవలసినదని మొదట నొక యుత్తరము వచ్చినది. ఇది రెండవది. అందు ‘ఇంటర్వ్యూ’ అను మాటయు, తేదీయు, ‘కాల్డ్ ఆఫ్’ అను రెండు పదములును ఉన్నవి. ‘కాల్’ అనగా పిలుచుట యని నేనెరుగుదును. ‘ఆఫ్’ చిన్న మాటయే కదా యని దానిని లెక్కింపనైతిని. “మరల జ్ఞాపకము చేయుచు పిలిచినారు, తప్పక పంపుము” అని చెప్పితిని. రైతు రెండు బస్తాల ధాన్యమమ్మి కుమారుని రైలెక్కించెను.

నాలుగవనాడు పిల్లవాడు తిరిగివచ్చెను. ఇంటర్వ్యూ రద్దయినదనియే ఆ యుత్తరములో నున్నదట! కచేరీ వాకిట నున్న జవాను ఆ కాగితమును చూచి నవ్వి పంపివేసెనట. తండ్రి నన్నొక్క పరుషపు మాటయు ననలేదు. “పోనీలెండి పంతులుగారూ, మీరు మాత్రం కావాలని చెప్పారా?” అని వెడలిపోయెను. అతడు తిట్టియుండినచో నాకంత కష్టముగా తోచకపోవును. నేను చేసిన తప్పులు రెండు: ఆ మాట తెలియకపోవుట యొకటి; తెలియదని చెప్పుటకు సిగ్గుపడుట రెండవది. మొదటి దానికంటె రెండవదే పెద్దది.

నాటినుండి ఇంగ్లీషు పలుకుబడులను శ్రద్ధతో చూచుట కారంభించితిని. అందు నాకు తోడ్పడినది, ఆశ్చర్యముగా, నా పాత చదువే.

మన యాలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులను చెప్పిరి. ఉన్న యర్థమును ఉన్నట్లు చెప్పునది అభిధ. ఆ యర్థము పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరియొక యర్థమును తెచ్చునది లక్షణ. కుశలుడనగా దర్భలను కోయువాడని వ్యుత్పత్తి; కాని లోకమున నేర్పరియనియే యర్థము. దీనిని రూఢిలక్షణ యందురు. ఆంగ్లేయులు ‘ఇడియమ్’ అనునదియు ఇట్టిదే. ‘కిక్ ద బకెట్’ అనగా బాల్చీని తన్నుట కాదు, మరణించుట. ‘బ్రేక్ ద ఐస్’ అనగా మంచుగడ్డను పగులగొట్టుట కాదు, క్రొత్తవారి నడుమ నున్న బెరుకును పోగొట్టి సంభాషణను మొదలిడుట.

ఇది యాంగ్లమునకు మాత్రమే కలిగిన వింత కాదు. మన ‘చేయి’ని చూడుడు. చేయి చేసికొనుట యనగా కొట్టుట. చేయి చాచుట యనగా యాచించుట. చేయి తిరిగినవాడనగా నేర్పు గడించినవాడు. చేయి యిచ్చుట యనగా నమ్మించి విడిచిపెట్టుట. పదములను విడివిడిగా నేర్చిన విదేశీయుడు ‘చేయి చేసికొనుట’ను వినినచో, ఎవరో చేతిని తయారు చేసికొనుచున్నారని యనుకొనడా? నేను ‘కాల్డ్ ఆఫ్’ విషయమున నట్టి విదేశీయుడనైతిని.

ఇక ‘ఫ్రేజల్ వర్బ్’ అను క్రియాబంధముల సంగతి. క్రియకు తరువాత ‘అప్’, ‘ఆఫ్’, ‘అవుట్’, ‘ఆన్’ మొదలగు చిన్న మాట చేరి యర్థమును మార్చివేయును. ‘పుట్’ అనగా ఉంచుట. ‘పుట్ ఆన్’ ధరించుట. ‘పుట్ అవుట్’ ఆర్పుట. ‘పుట్ ఆఫ్’ వాయిదా వేయుట. ‘పుట్ అప్ విత్’ సహించుట. అట్లే ‘లుక్’ అనగా చూచుట. ‘లుక్ ఫర్’ వెదకుట. ‘లుక్ ఆఫ్టర్’ సంరక్షించుట. ‘లుక్ ఇంటు’ విచారణ చేయుట. ‘లుక్ డౌన్ ఆన్’ చిన్నచూపు చూచుట. విదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి యీ బంధములే యని డాక్టరు జాన్సన్ 1755లో ప్రకటించిన తన మహానిఘంటువు పీఠికయందే గుర్తించెను. ‘ఫ్రేజల్ వర్బ్’ అను పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమునందు కానవచ్చును. ఆ పేరును తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని యాతడు చెప్పెను.

సంస్కృతము చదివినవారికి ఇందు భయపడవలసినది లేదు. ‘హృ’ ధాతువు ఒక్కటియే. ముందు ‘ఆ’ చేరిన ఆహారమగును. ‘వి’ చేరిన విహారము. ‘సం’ చేరిన సంహారము. తినుటకును తిరుగుటకును చంపుటకును ఎంత దూరము! ఉపసర్గ ధాతువును బలాత్కారముగా వేరొక యర్థమునకు లాగుకొని పోవును. ఆంగ్లమున నీ పని చేయునది క్రియకు తరువాత నిలుచును, అంతియే భేదము. పాణిని ఉపసర్గములు ధాతువునకు ముందుండవలెనని విధించి, వేదమున మాత్రము అవి తరువాత నుండవచ్చుననియు, నడుమ వేరు పదములు రావచ్చుననియు చెప్పెను. ఆంగ్లేయుడు ‘పుట్ ఇట్ ఆఫ్’ అని నడుమ సర్వనామము నుంచి పలుకునప్పుడు నాకు ఆ సూత్రములే జ్ఞప్తికి వచ్చును.

అంతేకాదు. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును బాంధవ్యమున్నదని ప్రకటించిన పిమ్మట పెరిగిన శాస్త్రము, ఇంగ్లీషు ‘ఆఫ్’ మన ‘అప’కు జ్ఞాతియనియు, ‘ఓవర్’ మన ‘ఉపరి’కి జ్ఞాతియనియు నిరూపించినది. ‘అప’ అనగా తొలగుట, ఎడమగుట. ‘ఆఫ్’ తోడి బంధములు పెక్కింటిలో నీ భావమే యున్నది. ‘టేక్ ఆఫ్’ అనగా తొలగించుట. ‘కట్ ఆఫ్’ తెగగొట్టుట. ‘కాల్ ఆఫ్’ పిలుపునే తొలగించుట. ఆ సాయంకాలమున ‘ఆఫ్’ను ‘అప’గా తలచియుండినచో, ఆ రెండు బస్తాల ధాన్యము రైతు గాదెలోనే యుండెడిది.

వీని ప్రయోగమున రెండు నియమములు ముఖ్యములు. మొదటిది సర్వనామపు స్థానము. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అనవచ్చును, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అనియు ననవచ్చును. కాని సర్వనామము వచ్చినచో ‘పుట్ ఇట్ ఆఫ్’ అనియే యనవలెను. ‘లుక్ ఆఫ్టర్’ వంటివి విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనియే చెప్పవలెను. రెండవది, మాటల స్థాయి. ‘పుట్ ఆఫ్’ అనిన నేదో ‘పోస్ట్‌పోన్’ అనినను అదియే. ‘పుట్ అప్ విత్’కు ‘టాలరేట్’ సమానము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలును, వానితోపాటు లాటిను మాటలును ఆ భాషలోనికి వెల్లువగా వచ్చి, కచేరీలయందును విద్యాపీఠములయందును పెద్దరికము వహించినవి. ఇంటి మాటలు ఇంటనే నిలిచినవి. మనకు తత్సమమునకును దేశ్యమునకును ఉన్న సంబంధమును తలచికొనినచో ఇది సులభముగా బోధపడును. విన్నపములలో లాటిను మాటయు, మిత్రునితో క్రియాబంధమును ఒప్పును.

జాతీయములు ఒక జాతి చేసిన పనులనుండి పుట్టును. ఆంగ్లేయులు ఓడలు నడపినవారు. ఎదురుగాలి తెరచాపలను వెనుకకు నెట్టి స్తంభమునకు అదిమినప్పుడు ఓడ నిలిచిపోవును; దానినుండి వచ్చినదే ‘టేకెన్ అబాక్’, దిగ్భ్రమ చెందుట. ‘బై అండ్ లార్జ్’ కూడ నావికుల మాటయే. గాలికి ఎదురుగా సాగునప్పుడును, గాలి వెనుకనుండి వీచునప్పుడును అని దాని తొలి భావము; నేడు ‘మొత్తము మీద’ అని యర్థము. క్రికెట్టు ఆటనుండి ‘స్టికీ వికెట్’ వచ్చినది. తడిసిన నేల ఎండకు ఆరుచుండగా బంతి వింతగా లేచి, కొట్టువానికి కష్టము కలిగించును. కావున అది యిరకాటమునకు పేరైనది. న్యూకాసిల్ పట్టణము బొగ్గు వర్తకమునకు ప్రసిద్ధమైనది గనుక, అచ్చటికి బొగ్గులు మోయుట యనగా వ్యర్థపు శ్రమ. నా విద్యార్థులకు దీనిని ‘కోనసీమకు కొబ్బరికాయలు మోయుట’ యని చెప్పెడివాడను. మరల మరచినవాడు లేడు.

సామెతల విషయమున నొక హెచ్చరిక. వానిని మాటకు మాటగా తర్జుమా చేయరాదు; మనవారు ఆ సందర్భమున నేమందురో వెదకవలెను. ‘మేక్ హే వైల్ ద సన్ షైన్స్’ అని వారందురు. అచ్చట వాన యెప్పుడు వచ్చునో తెలియదు. కోసిన గడ్డి ఎండనిచో చలికాలమున పశువులకు మేత యుండదు. మనము ‘దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెను’ అందుము. ఉపదేశ మొక్కటే, వారికి సూర్యుడు, మనకు దీపము. ‘ఎంప్టీ వెసెల్స్ మేక్ ద మోస్ట్ నాయిజ్’ అని వారు ఖాళీ పాత్రను నిందింతురు; ‘నిండుకుండ తొణకదు’ అని మనము నిండిన దానిని మెచ్చుకొందుము. పనివాడు పనిముట్లను నిందించెనని వారనగా, ‘ఆడలేక మద్దెల యోడు’ అని మనమందుము. ఇట్లు జతచేసి చదివినచో రెండు భాషలును ఒకేసారి మెరుగుపడును. జాన్ హేవుడ్ అనునాతడు 1546లోనే ఆంగ్ల సామెతలను కూర్చి గ్రంథము చేసెను. కెప్టెన్ కార్ అను ఆంగ్లేయుడు మన తెలుగు సామెతలను సేకరించి, అర్థములతో 1868లో ‘ఆంధ్రలోకోక్తిచంద్రిక’ యను పేర ప్రకటించెను. అతడు మన భాషకై పడిన శ్రమలో సగమైనను మనము వారి భాషకై పడలేమా?

‘స్లాంగ్’ అను వీధిమాటలు నాలుగవ తెగ. ఇవి త్వరగా పుట్టి త్వరగా గిట్టును. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో ఇట్టి మాటలకు నిఘంటువు వ్రాసెను. అందలివి చాల నేటి ఆంగ్లేయులకే తెలియవు. మన దేశమున నున్న తెల్ల సిపాయిలు ‘దేఖో’ యను హిందీ మాటను ‘డెక్కో’గా మార్చి, ఒకసారి చూచుట యను నర్థమున వాడిరి. ‘విలాయతీ’ వారి నోట ‘బ్లైటీ’ యై వారి స్వదేశమునకు పేరైనది. వీధిమాట కాకపోయినను, మన ‘పందికొక్కు’ ‘బాండికూట్’ అయి సముద్రములు దాటినది. వీధిమాటలను వినినప్పుడు తెలిసికొనుట మంచిది; దరఖాస్తులో వ్రాయుట మంచిది కాదు. రచ్చబండ మాటను సభలో పలుకుదుమా?

మనవారు తరచుగా చేయు పొరపాటులను గూడ చెప్పుదును. ‘కీప్ అప్ విత్’ను చూచి ‘కోప్ అప్ విత్’ అందురు. ‘కోప్ విత్’ అనియే యనవలెను. తెలుగున ‘గూర్చి’ యుండుటచే ‘డిస్కస్ అబౌట్’ అందురు, ‘డిస్కస్’ చాలును. చదువు ముగించుటను మనము ‘పాస్ అవుట్’ అందుము. ఆంగ్లేయులును సైనిక శిక్షణ ముగించుటకు ఆ మాటను వాడుదురు గాని, సామాన్యముగా వారికది మూర్ఛపోవుట.

ఇక నేర్చుకొను విధము. పదుల కొలది పట్టికలను వల్లించవలదు. దినమున కొక్క పలుకుబడిని వాక్యముతో సహా వ్రాసికొనుడు. వాక్యము లేని పలుకుబడి నీరు లేని చేప. చిన్న మాట యే భావమును తెచ్చినదో యోచింపుడు. ఎవరు ఎవరితో ననినారో గమనింపుడు. దానికి సరియైన తెలుగు నుడికారమును ప్రక్కన వ్రాయుడు. మరునాడు మీ సొంత సంగతినొకదానిని ఆ పలుకుబడితో చెప్పి చూడుడు. ఇట్లు ఏడాది గడచునప్పటికి మూడువందల యరువదియైదు మీ సొత్తగును.

ఆ రైతు కుమారుడు మరుసటి వేసవి యంతయు సాయంకాలములయందు మా యరుగు మీదికి వచ్చెడివాడు. ఇద్దరమును ఒకే నిఘంటువు ముందు కూర్చుండి, నేను గురువునని గాక, నేనును విద్యార్థినే యని నేర్చుకొంటిమి. తెలియని మాట వచ్చినప్పుడు “నాకు తెలియదు, చూతము” అని నేనే ముందుగా అనెడివాడను. అతనికి తరువాత ఉద్యోగము దొరకినది. ఆ యుత్తరమును గూడ అతడు నా యొద్దకే తెచ్చెను. ఈసారి తానే చదివి, నాకు వినిపించెను.

సెలవు.